రొయ్యలు పడని నాకు అప్పడం వద్దని చెప్పిన మెస్

రొయ్యలు, పీతలు పడని వాళ్ళు కాకినాడలో ధైర్యంగా ఎక్కడ భోంచేయొచ్చు అని ఈ మధ్య నన్ను ముగ్గురు నలుగురు అడిగారు. వాళ్ళకి ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. జగన్నాథపురం వంతెన దాటాక ఉన్న ఈ మెస్‌కి వెళ్ళండి. ఆదివారం మాత్రం వద్దు, ఎందుకో కింద రాశాను. ఏడాదిన్నరగా నెలకి రెండు మూడుసార్లు ఇక్కడ తింటున్నాను, ఇంతవరకూ ఒంటి మీద ఒక్క దద్దురు కూడా రాలేదు. నాలాంటి అలర్జీ ఉన్నవాళ్ళకి ఈ మాట ఎంత పెద్దదో తెలుస్తుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు జరిగింది చెప్తాను. కౌంటర్లో పెద్దాయన ఉన్నారు. "ఏమండీ, నాకు రొయ్యలు అస్సలు పడవు, తింటే ఊపిరి ఆడదు, హాస్పిటల్‌కి వెళ్ళాల్సి వస్తుంది" అన్నాను. ఈ మాటకి హోటళ్ళలో నేను ఎప్పుడూ వినే జవాబు ఒకటుంది, "పర్లేదు మేడం, మీరు వెజ్ తినండి" అని. ఆయన అలా అనలేదు. ఉండమని చెప్పి లోపలికి వెళ్ళి, వంట చేస్తున్న వాళ్ళావిడని తీసుకొచ్చారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక్కటే అడిగారు: "రొయ్య తింటేనే వస్తుందా అమ్మా, రొయ్యలు వేయించిన నూనెలో ఇంకోటి వేయించి పెట్టినా వస్తుందా?"

నాకు అలర్జీ బయటపడ్డాక అప్పటికి పదిహేను హోటళ్ళన్నా తిరిగి ఉంటాను, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. వస్తుందండీ అన్నాను. "అయితే ఇవాళ అప్పడం తినకండి, పొద్దున రొయ్యల వేపుడు తీసిన బాణలిలోనే అప్పడాలు వేయించాం. ఆనపకాయ కూర కూడా వద్దు, అందులో ఎండు రొయ్యల పొడి వేశాను. పప్పు, దొండకాయ, చారు, పెరుగు తినండి. ఆమ్లెట్ కావాలంటే వేరే పెనం మీద వేసిస్తాను" అన్నారు. అప్పడం సంగతి ఆవిడ చెప్పకపోతే నేను తినేసేదాన్ని. రొయ్యకీ అప్పడానికీ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది? ఆ రోజే అనుకున్నాను, ఈ మెస్‌కి ఐదుకి ఐదు స్టార్లు ఇవ్వాలని. భోజనం ఇంకా రాకముందే.

ఇంత టెన్షన్ ఎందుకు అనుకునేవాళ్ళ కోసం నా సంగతి కొంచెం చెప్పాలి. మా పుట్టిల్లు తాళ్ళరేవు వైపు. రొయ్యల చెరువుల మధ్య పెరిగాను. చింతచిగురు రొయ్యలు, గోంగూర రొయ్యలు, రొయ్యల ఇగురు, వర్షాకాలంలో అన్నంలోకి ఎండు రొయ్యల వేపుడు, ఇవన్నీ పాలు విడిచినప్పటి నుంచీ తింటున్నవే. 43 ఏళ్ళు వచ్చేవరకూ ఏమీ కాలేదు. ఆ తర్వాత కొన్ని నెలలు రొయ్యలు తిన్నప్పుడల్లా పెదవుల చుట్టూ, అంగిట్లో దురదగా ఉండేది, కారం ఎక్కువైందేమోలే అని పట్టించుకోలేదు. 2023 కనుమ రోజు మోకాలి నొప్పికి పెయిన్‌కిల్లర్ వేసుకుని, ఇంటిల్లిపాదికీ వడ్డించి, చివర్లో నేను కూర్చుని రొయ్యల ఇగురుతో తిన్నాను. ఇరవై నిమిషాల్లో అరచేతులు మంటెత్తాయి, ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు ఉబ్బిపోయాయి, గొంతు లోపల ఎవరో బిగిస్తున్నట్టు, మాట బొంగురు. లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. ఇంట్లో ఉన్న అలర్జీ మాత్ర ఒకటి వేసుకుని తగ్గుతుందని కూర్చున్నాను, అది తప్పని తర్వాత తెలిసింది. మా ఆయనే నా మాట వినకుండా కారెక్కించి హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. అక్కడ తొడ కండలోకి ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాక కానీ ఊపిరి అందలేదు. తగ్గిందని వెంటనే పంపలేదు, కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చని ఆ రాత్రి ఉంచేశారు. అలర్జీ మాత్ర దురదని తగ్గిస్తుంది తప్ప గొంతు వాపునీ, బీపీ పడిపోవడాన్నీ ఆపలేదని, ఇలాంటప్పుడు మొదట ఇవ్వాల్సింది ఎడ్రినలినేనని, రోగిని నిలబెట్టకుండా కాళ్ళు ఎత్తి పడుకోబెట్టాలని (ఊపిరి బాగా ఆడకపోతే కూర్చోబెట్టాలని) డాక్టర్ గారు మా ఆయనకి రెండుసార్లు చెప్పారు.

తర్వాత అలర్జీ డాక్టర్ దగ్గర చర్మం మీద గుచ్చి చేసే పరీక్ష చేయించుకున్నాను. అంతకు వారం ముందు నుంచీ అలర్జీ మాత్రలు ఆపేయమన్నారు. ముంజేతి మీద చుక్కలు వేసి సన్నటి మొనతో గుచ్చితే పావుగంటలో రొయ్య దగ్గరా, పీత దగ్గరా దోమ కుట్టినట్టు పెద్ద పెద్ద దద్దుర్లు లేచాయి. ఇళ్ళలో దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగు దగ్గర కూడా లేచింది. రొయ్య కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ లాంటిదే ఆ దుమ్ము పురుగుల్లోనూ, బొద్దింకల్లోనూ ఉంటుందట, కొందరికి అలర్జీ ముందు దుమ్ముతో మొదలై తర్వాత రొయ్యకి పాకవచ్చని చెప్పారు. నాకు ఏళ్ళ తరబడి పొద్దున్నే తుమ్ములు ఉండేవి, అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు వేసుకున్న పెయిన్‌కిల్లర్ కూడా రియాక్షన్‌ని ముదరబెట్టి ఉండొచ్చన్నారు. చేప అలర్జీకి కారణమయ్యే ప్రొటీన్ వేరు, అందుకని చేపలకి విడిగా పరీక్ష చేశారు, నాకు చేపలు పడతాయి. ఆ మాట విన్నాక ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను.

మా అత్తయ్యగారు మాత్రం చాలా రోజులు నమ్మలేదు. "చిన్నప్పటి నుంచీ తిన్నదానివి, ఇప్పుడు పడకపోవడమేంటి, ఎవరి దిష్టో తగిలింది" అనేవారు. ఆవిడ తప్పు కాదు, నేనూ అలాగే అనుకునేదాన్ని, అలర్జీలంటే చిన్నపిల్లలకే అని. అమెరికాలో 40 వేల మందికి పైగా పెద్దవాళ్ళని అడిగి 2019లో ప్రచురించిన సర్వేలో, తిండి అలర్జీ ఉన్న పెద్దవాళ్ళలో సగం మందికి దగ్గరదగ్గరగా కనీసం ఒక్క అలర్జీ అయినా పెద్దయ్యాకే వచ్చిందని తేలింది. వాళ్ళలో అందరికంటే ఎక్కువ మందికి పడనివి రొయ్యలు, పీతల జాతివే. ఇది అత్తయ్యగారికి మా అబ్బాయి చదివి వినిపించాడు. ఆ తర్వాత నుంచి ఆవిడే చుట్టాలిళ్ళకి ముందుగా ఫోన్ చేసి "మా కోడలికి రొయ్య తగలకూడదమ్మా" అని చెప్తున్నారు.

అదే ఏడాది ఆగస్టులో ఇంకో దెబ్బ తగిలింది. వేరే ఊళ్ళో, పేరు రాయను, పెద్ద ఏసీ రెస్టారెంట్. రొయ్యలు పడవని సర్వర్‌కి చెప్పాను, మేనేజర్‌కి కూడా చెప్పాను, ఇద్దరూ నవ్వుతూ "మీరు ఆర్డర్ చేసింది వెజ్ ఫ్రైడ్ రైసే కదా మేడం" అన్నారు. నాలుగు చెంచాలు తిన్నానో లేదో అరచేతులు మొదలయ్యాయి. అప్పటికే నేను ఎడ్రినలిన్ ఇంజెక్షన్ బ్యాగులో పెట్టుకునే తిరుగుతున్నాను. ఆటో ఇంజెక్టర్ అని పెన్నులా ఉండేది ఒకటుంటుంది కానీ నేను అడిగిన మందుల షాపుల్లో దొరకలేదు, అందుకని డాక్టర్ గారు ఎంపుల్ (మందు ఉండే చిన్న గాజు సీసా), సిరంజి రాసిచ్చి, ఎంతవరకు లాగాలో నేర్పి, మా ఆయన చేత కూడా ప్రాక్టీస్ చేయించారు. ఆ టేబుల్ దగ్గరే తొడ బయటి వైపు ఆయన గుచ్చారు, పక్కవాళ్ళు 108కి ఫోన్ చేశారు. బతికి బయటపడ్డాను. తర్వాత తెలిసిందేమిటంటే రొయ్యల ఫ్రైడ్ రైస్ చేసిన మూకుడునే గుడ్డతో తుడిచి నాది చేశారు.

ఎనిమిది నెలలు బయట మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఇంట్లో కూడా రొయ్యలు మానేశాం, ఎందుకంటే అవి ఉడుకుతున్నప్పుడు వచ్చే ఆవిరికే నాకు ముక్కు కారి ఛాతీ పట్టేసేది. మా ఆయనా, పదో తరగతి చదివే మా అబ్బాయీ నా కోసం ఒక్క మాట అనకుండా ఊరుకున్నారు కానీ, గోదావరి జిల్లాలో పుట్టిన పిల్లాడికి రొయ్య లేని ఆదివారాలు ఎలా ఉంటాయో నాకు తెలియదా? అలాంటి సమయంలో మా కొలీగ్ ఒకరు ఈ మెస్ గురించి చెప్పారు.

ఇప్పుడు మెస్ సంగతికి వస్తాను. ఎనిమిది టేబుళ్ళు, ఫ్యాన్లే తప్ప ఏసీ లేదు. పొద్దున పదకొండున్నర నుంచి మూడు గంటల వరకే, రాత్రి భోజనం లేదు. అరటాకులో వడ్డిస్తారు, నాకు నచ్చిన మొదటి విషయం అదే, ముందు ఎవరో రొయ్యలు తిని వదిలిన కంచం సరిగ్గా కడిగారో లేదో అనే భయం ఉండదు. మూడోసారి వెళ్ళినప్పుడు పిన్నిగారు (వంట చేసే ఆవిడని నేను అలాగే పిలుస్తాను) నన్ను వంటింట్లోకి రమ్మని చూపించారు. రొయ్యలూ పీతలూ వండే పొయ్యి వెనకాల రేకుల షెడ్డులో ఉంది, మిగతావన్నీ లోపల. షెడ్డులో వాడే గరిటెల కాడలకి ఎర్ర దారం కట్టారు. నా కోసం కట్టానని ఆవిడ చెప్పలేదు, అక్కడ పనిచేసే అమ్మాయి చెప్పింది. ఎండు రొయ్యల పొడి డబ్బా కూడా మసాలా డబ్బాల వరసలోంచి తీసి షెడ్డులోకి మార్చారు.

చాలామంది అనుకునేది ఒకటుంది, కాగే నూనెలో, మరిగే పులుసులో ఏదైనా చచ్చిపోతుందిలే అని. క్రిములు చస్తాయి కానీ ఈ ప్రొటీన్ వేడికి పోదు, ఎంత ఉడికించినా ఉంటుంది. సబ్బు పెట్టి రుద్ది నీళ్ళతో కడిగితేనే పోయేది. నేను ఈ మాట చెప్తే పిన్నిగారు "పోనీలెండి, అప్పడాలకి చిన్న బాణలి విడిగా పెట్టేస్తాను" అన్నారు. పెట్టారు కూడా. ఆ తర్వాత నెల నుంచి ఆదివారం కాని రోజుల్లో అప్పడం కూడా తింటున్నాను.

రుచి గురించి. పప్పు బాగుంటుంది, మామిడికాయల కాలంలో మామిడికాయ పప్పు ఇంకా బాగుంటుంది. కంద బచ్చలి కూర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర దొరికిన రోజు మిగతావేవీ అడగకండి, పెళ్ళి భోజనంలో తిన్నట్టే ఉంటుంది. చేపల పులుసు మట్టి చట్టిలో చేస్తారు, లోపలి పొయ్యి మీద, ఆ చట్టిలో చేపలు తప్ప ఇంకేమీ వండరు. నేను అది అడిగి తెలుసుకున్నాకే తిన్నాను. పండుగప్ప పులుసు పెట్టిన రోజు చాలా రోజుల తర్వాత నాన్‌వెజ్ భోజనం చేసినట్టు అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చారులో మిరియాల ఘాటు నాకు కొంచెం ఎక్కువ. గోంగూర పచ్చడిలో ఏం వేశారో మాత్రం ప్రతిసారీ అడిగాకే తినండి, కొన్ని రోజులు ఎండు రొయ్యలు వేసి నూరుతారు, చూడటానికి తేడా తెలియదు. ఆకు భోజనం 150 రూపాయలు, చేపల పులుసు ముక్కని బట్టి 100 నుంచి 140. ఈ డబ్బుకి ఇంత జాగ్రత్త ఎక్కడా చూడలేదు.

నచ్చనివి కూడా చెప్పాలి, లేకపోతే నన్ను నమ్మి వెళ్ళినవాళ్ళకి ప్రమాదం. ఆదివారం సగం మంది రొయ్యల వేపుడు కోసమే వస్తారు. వడ్డించడానికి ఇద్దరు కుర్రాళ్ళని అదనంగా పెడతారు, వాళ్ళకి ఈ సంగతులు తెలియవు. ఒక ఆదివారం ఒక అబ్బాయి పక్క టేబుల్‌కి రొయ్యల ఇగురు వడ్డించిన గరిటెనే చారు గిన్నెలో ముంచడం నా కళ్ళతో చూశాను. పెద్దాయనకి చెప్తే వెంటనే ఆకు మార్పించి, చారు గిన్నె వెనక్కి పంపి, ఆ అబ్బాయిని మందలించారు. కానీ నేను ఆ రోజు తినకుండా లేచి వచ్చేశాను, డబ్బులు తీసుకోలేదు వాళ్ళు. పార్సిల్ కూడా తీసుకోకండి, పొట్లాలు కట్టే బల్ల మీద అన్ని కూరలూ పక్కపక్కనే ఉంటాయి, ఒకే చేత్తో కడతారు. చేతులు కడుక్కునే చోట ఒక్కోసారి సబ్బు ఉండదు. మాలాంటివాళ్ళకి అది చిన్న విషయం కాదు, శానిటైజర్ రాసుకుంటే ఈ ప్రొటీన్ పోదు, సబ్బూ నీళ్ళూ కావాలి. ఇది రెండుసార్లు చెప్పాను, ఇంకా సరిగ్గా మారలేదు. ఈ ఒక్కదానికే ఒక స్టార్ తగ్గిస్తున్నాను, ఐదు ఇద్దామనుకున్నది నాలుగయింది.

ఇంకొకటి, ఏ కూరలో ఏముందో బోర్డు మీద రాయమని అడుగుతున్నాను. ప్యాకెట్లో అమ్మే సరుకుల మీద రొయ్య జాతివి, చేప, గుడ్డు, పాలు, వేరుశనగ, సోయా, గోధుమ లాంటివి ఉంటే రాయాలని ఫుడ్ సేఫ్టీ వాళ్ళ 2020 నాటి లేబుల్ నిబంధనల్లో ఉంది. 10 చోట్ల లేదా అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్ళు మెనూలో కూడా అలర్జీ సమాచారం చూపించాలి. ఎనిమిది టేబుళ్ళ మెస్‌కి ఆ రూల్ వర్తించదు, నిజమే. కానీ ఒక పలక మీద సుద్దముక్కతో "ఆనపకాయలో ఎండు రొయ్యలు ఉన్నాయి" అని రాస్తే ఎవరి ప్రాణమో నిలబడుతుంది. పెద్దాయన "రోజూ మారిపోతుంది కదమ్మా, రాసి మర్చిపోతే అదింకా ప్రమాదం, నోటితో అడిగించుకోవడమే మంచిది" అంటున్నారు. ఆయన చెప్పిందాంట్లోనూ న్యాయం ఉంది, అయినా నేను అడుగుతూనే ఉంటాను. తమకి ఫలానాది పడదని ఇంకా తెలియనివాళ్ళు, చెప్పడానికి మొహమాటపడేవాళ్ళు చాలామంది ఉంటారు.

పోయిన బుధవారం మేం ముగ్గురం కలిసి వెళ్ళాం. మా ఆయనా, అబ్బాయీ రొయ్యల వేపుడు తింటారని ముందే నేనే చెప్పాను, వాళ్ళు వద్దన్నారు, నేను ఊరుకోలేదు. పిన్నిగారు వాళ్ళిద్దర్నీ పక్క టేబుల్ దగ్గర, నన్ను కిటికీ దగ్గర గాలి వచ్చే వైపు కూర్చోబెట్టారు. రెండేళ్ళ తర్వాత మా వాడు రొయ్యలు తింటుంటే చూశాను. తినడం అయ్యాక కౌంటర్లో అడిగి సబ్బు తీసుకుని మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని, మూతి కూడా కడుక్కుని వచ్చి, అప్పుడు నా వాటర్ బాటిల్ ముట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే.

సోమ, శనివారాలు ఇక్కడ రొయ్యలూ పీతలూ వండరు, మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆ రోజుల్లో వెళ్ళండి. మందు బ్యాగులో పెట్టుకునే వెళ్ళండి, ఎంత నమ్మకమైన చోటైనా సరే. వెళ్ళే ముందు పదకొండు గంటలకి ఫోన్ చేయండి, అప్పటికి కూరలన్నీ పొయ్యి మీద నుంచి దిగుతాయి. ఫోన్లో "రొయ్యలు పడవు" అని ఊరుకోకుండా "అదే నూనె, అదే గరిటె అయినా పడదు" అని చెప్పండి. పిన్నిగారు లోపలికి వెళ్ళి బాణలి చూసి వచ్చి చెప్తారు, రెండు నిమిషాలు లైన్లో ఉండండి.